తులసి కోటలో మొలిచిన మిరప, డాబా మీద 36 కుండీలు

నాగావళి గట్టు (రాయగడ) · ఆగస్టు 3

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే కారణం ఒకటే: మా ఇంట్లో మిరపకాయల గురించి నా మాట వినేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మూడేళ్ల కిందట మా తులసి కోటలో ఒక మిరప మొక్క తనంతట తానే మొలిచింది. పీకేద్దామంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. కోటలో మొలిచినదాని మీద చెయ్యి వేయకూడదట. సంక్రాంతి నాటికి అది నా నడుము దాకా పెరిగి, గోరంత కాయలను ఆకాశం వైపు నిలబెట్టింది. పప్పులో మామూలుగా నాలుగు పచ్చిమిరపకాయలు చీల్చి వేసేదాన్ని. దీని కాయ ఒక్కటి వేస్తే మామగారు మంచినీళ్ల చెంబు పక్కన పెట్టుకుని భోజనానికి కూర్చునేవారు. పక్కింటి ఒడియా ఆవిడకు మాత్రం అది ప్రాణం. పొద్దున్నే వచ్చి పఖాళంలోకి, అంటే వాళ్ల చద్దన్నంలోకి, రెండు కోసుకుని వెళ్లేవారు. ఒడియాలో మిరపకాయను 'లంక' అంటారు కదా, "మీ లంక బాగా మండుతోంది" అనేవారు నవ్వుతూ.

అక్కడ పట్టుకుంది పిచ్చి. మరుసటి ఏడాది 5 కుండీలు. ఆ పై ఏడాది 14. గుంటూరు ఎండుమిరపకాయల సంచీ అడుగున రాలిన గింజలు కొన్ని, బ్యాడిగి కాయల గింజలు కొన్ని, ఊదా రంగు కాయల మొక్క ఒకటి. నిరుడు ఇంకాస్త ముందుకు వెళ్లి ఆన్‌లైన్‌లో భూత్ జోలోకియా గింజలు తెప్పించాను, విపరీతమైన కారానికి పేరుపడ్డ అస్సాం వైపు మిరప అది. పది గింజలకు 180 రూపాయలు. తొమ్మిది మొలిచాయి. నాలుగు నెలలు చంటిపిల్లల్లా సాకాను. కాయలు వచ్చాయి, జానెడు పొడుగు, లేత ఆకుపచ్చ, లావుగా. అవి బజ్జీ మిరపకాయలు. ఆ భూతాలకు శనగపిండి పూసి బజ్జీలు వేసుకున్నాం. బాగున్నాయి, అది వేరే విషయం.

ఇప్పుడు అస్సాంలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, అక్కడి పెరటి చెట్టు నుంచి కోసి ఎండబెట్టిన మూడు అసలు జోలోకియా కాయలు కవరులో పెట్టి పంపాడు. 41 గింజలు వచ్చాయి. ఈసారి పోగొట్టుకోదలచుకోలేదు. ఎప్పుడు వేయాలి, ఎంత కుండీ కావాలి, అనుభవం ఉన్నవారు చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు (గజపతి జిల్లా) · ఆగస్టు 3

అమ్మా, మీ తులసి కోటలో విత్తినది ఏ పిగిలిపిట్టో అయి ఉంటుంది. పక్షులకు మిరప కారం తెలియదు. మన నాలుక మీద వేడిని గుర్తించే ఒక గ్రాహకం ఉంది. కాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ దానికి అంటుకోగానే, నిజంగా నిప్పు తగిలిందనే మెదడు అనుకుంటుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పక్షుల్లో అదే గ్రాహకం క్యాప్సైసిన్‌కు పలకదు. కాయ మింగుతాయి, గింజను నలగకుండా దూరంగా వదిలేస్తాయి. ఎలుకలూ ఉడుతలూ అయితే గింజను కొరికి పాడుచేస్తాయి, వాటికి మంట పుడుతుంది. మొక్కకు ఎవరు కావాలో ఎవరు వద్దో బాగా తెలుసు.

ఇక జోలోకియా సంగతి. అది మన గుంటూరు మిరప జాతి కాదు. గుంటూరు, బ్యాడిగి, బజ్జీ మిరప, కూరల్లో వేసే క్యాప్సికం, ఇవన్నీ క్యాప్సికం ఆన్యువం అనే ఒకే జాతి. జోలోకియా క్యాప్సికం చైనెన్స్. పేరులో చైనా ఉన్నా దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాయే, పేరు పెట్టినవారు పొరబడ్డారు. మన మిరప వారం పది రోజుల్లో మొలిస్తే, ఇది రెండు వారాల నుంచి నెల దాకా తీసుకుంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మట్టి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. మొలకెత్తలేదని తవ్వి చూడకండి.

సిరొంచ రైతు (గడ్చిరోలి జిల్లా) · ఆగస్టు 4

నేను ప్రాణహిత పక్కన నాలుగు ఎకరాల్లో తేజ రకం మిరప వేస్తాను. 41 గింజలకు ఇంత పెద్ద ఉత్తరం చదవడం ఇదే మొదటిసారి. కోపం తెచ్చుకోకండి.

నారు విషయంలో ఒకటి చెబుతాను. గింజ మొలవకపోవడం వల్ల పోయేవి తక్కువ, మొలిచాక నీళ్లు ఎక్కువై పోయేవి ఎక్కువ. మొదలు దగ్గర దారంలా సన్నబడి మొక్క వాలిపోతుంది. నారుకుళ్లు అంటాం. పై మట్టి ఆరాకే నీళ్లు ఇవ్వండి. అదీ ఉదయం పూట.

కొండగాలి (కొరాపుట్) · ఆగస్టు 4

స్వాగతం వదిన గారూ! (వరుస కలిపేశాను, ఏమీ అనుకోకండి.) ఆగస్టు మంచి సమయమే. వానాకాలం ఉక్కలో మొలకలకు వెచ్చదనం సరిపోతుంది, చలి వచ్చేసరికి మొక్క నిలదొక్కుకుంటుంది. మా కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉండటం వల్ల నాకు ఆ సుఖం లేదు, డిసెంబరులో జోలోకియాలు ముడుచుకుని కూర్చుంటాయి. దానికి బదులు నేను రొకోటో అనే మిరప పెంచుతున్నాను. పెరూ, బొలీవియా కొండల మొక్క. ఊదా రంగు పువ్వు, చిన్న ఆపిల్ పండు లాంటి కాయ. కోస్తే లోపల గింజలు నల్లగా ఉంటాయి! మొదటిసారి చూసి కుళ్లిపోయిందేమోనని పారేయబోయాను. దానికి మీ రాయగడ ఎండ పడదు, నా దగ్గర మీ జోలోకియా ఉండదు. అందరికీ అన్నీ దొరకవు.

కుండీ మాత్రం కనీసం అడుగున్నర లోతు ఉండాలి. నీళ్లు కారిపోయే చిల్లులు చూసుకోండి.

బరంపురం కుర్రవాడు · ఆగస్టు 5

జోలోకియా పాతబడిపోయింది అక్కా. గిన్నిస్ పుస్తకంలోకి అది ఎక్కింది 2007లో. 2013లో కారొలైనా రీపర్ వచ్చింది, 2023లో పెప్పర్ ఎక్స్ వచ్చింది. పెప్పర్ ఎక్స్ ఘాటు 26,93,000 స్కోవిల్ యూనిట్లు! పెంచితే అవి పెంచాలి.

సిరొంచ రైతు · ఆగస్టు 5

పెంచి?

బరంపురం కుర్రవాడు · ఆగస్టు 5

తినడానికి అన్నా.

సిరొంచ రైతు · ఆగస్టు 5

సరే.

పర్లాకిమిడి మాస్టారు · ఆగస్టు 6

ఈ స్కోవిల్ లెక్క ఎక్కడిదో కూడా చెప్పుకుందాం. విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఔషధ శాస్త్రజ్ఞుడు 1912లో కనిపెట్టిన పద్ధతి ఇది. మిరప సారాన్ని పంచదార నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా పలచన చేస్తూ ఐదుగురి చేత రుచి చూపించేవాడు. వాళ్ల నాలుకకు మంట తెలియకుండా పోవాలంటే ఎన్ని రెట్లు పలచన చేయాలో అదే ఆ కాయ అంకె. ఇప్పుడు యంత్రాలతో కొలుస్తున్నారు, పేరు మాత్రం ఆయనదే మిగిలింది. గుంటూరు సన్నం 35 నుంచి 40 వేల దగ్గర ఉంటుంది. జోలోకియా పది లక్షలు దాటుతుంది. అంటే ఒక జోలోకియా పాతిక గుంటూరు కాయల పెట్టు. అసలు ఈ గుంటూరు కాయకు కూడా మన దేశంలో పెద్ద వయసేమీ లేదు. పోర్చుగీసు వాళ్లు 16వ శతాబ్దంలో తెచ్చేదాకా మన వంటింట్లో కారం అంటే మిరియమే.

నాగావళి గట్టు (రాయగడ) · సెప్టెంబరు 2

మొలిచాయి! 41లో 17.

వెచ్చదనం కోసం ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా వెతికి చివరికి ఇన్వర్టర్ పైన ఖాళీ కనిపెట్టాను. మిఠాయి డబ్బాలో తడి కాగితం పరిచి, గింజలు చల్లి, మూత పెట్టి అక్కడ ఉంచాను. రోజూ చెయ్యి పెట్టి చూసేదాన్ని, గోరువెచ్చగా ఉండేది. పన్నెండు రోజులు ఏమీ లేదు. పదమూడో రోజు అత్తగారు డబ్బా మూత తీసి, "మెంతులు నానబెట్టి మరిచిపోయావు, వాసన వస్తోంది" అని పెరట్లో పారబోయబోయారు. చెయ్యి పట్టుకుని ఆపాను. అప్పుడే చూశాను, ఒక గింజ పక్కన తెల్లటి తోక, ఆవగింజ పొడవు. ఆవిడ కూడా వంగి కళ్లజోడు సవరించుకుని చూశారు. "దీనికా ఇంత హడావుడి" అన్నారు కానీ డబ్బా మూత ఆవిడే పెట్టారు.

నాగావళి గట్టు (రాయగడ) · అక్టోబరు 19

ఒక చెడ్డ వార్త. కుండీల్లోకి మార్చిన 15 మొక్కల్లో మూడు పోయాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి, పసుపు మచ్చ కూడా లేదు. మధ్యాహ్నం వాడితే ఎండకని అనుకున్నాను, సాయంత్రం కోలుకున్నట్టే కనిపించాయి. మూడో రోజుకు పూర్తిగా వేలాడిపోయాయి. మట్టి తడిగానే ఉంది.

సిరొంచ రైతు · అక్టోబరు 19

ఆ కుండీల్లో ఇంతకుముందు ఏమి వేశారు?

నాగావళి గట్టు (రాయగడ) · అక్టోబరు 19

టమాటా. ఆ మట్టినే ఎండబెట్టి మళ్లీ నింపాను.

సిరొంచ రైతు · అక్టోబరు 20

అనుకున్నాను. చచ్చిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర బ్లేడుతో అడ్డంగా కోయండి. గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన కొన నీళ్లలో ఆనేలా కదలకుండా పట్టుకోండి. రెండు మూడు నిమిషాలు చూడండి. ఏమి కనిపించిందో రాయండి.

నాగావళి గట్టు (రాయగడ) · అక్టోబరు 20

చేశాను. మొదట ఏమీ లేదు. తర్వాత కోసిన చోటు నుంచి పాలదారం లాంటిది కిందికి దిగింది. సిగరెట్టు పొగ తలకిందులుగా జారినట్టు. ఒళ్లు జలదరించింది.

సిరొంచ రైతు · అక్టోబరు 20

బ్యాక్టీరియా వడలు తెగులు. మందు లేదు, వెతకకండి. మొక్కలను మట్టితో సహా తీసి దూరంగా పారేయండి. ఆ మట్టిలో టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఏవీ వేయకూడదు, అవన్నీ ఒకే కుటుంబం. ఆ కుండీ నీళ్లు పక్క కుండీలోకి కారనివ్వకండి. బ్లేడు, చేతులు, ఖాళీ కుండీలు బాగా కడగండి. మిగిలిన వాటికి కొత్త మట్టి తెచ్చుకోండి.

నాగావళి గట్టు (రాయగడ) · అక్టోబరు 21

పారేశాను. మిగిలినవి 12. మీరు మొదట్లో ఎగతాళి చేశారని కోపం ఉండేది, పోయింది.

కొండగాలి (కొరాపుట్) · నవంబరు 14

చలి మొదలైంది కదా, మీ మొక్కల ఆకులు ముడుచుకుంటున్నాయా? నావి ముడుచుకున్నాయి. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయింది.

సిరొంచ రైతు · నవంబరు 14

దోనెలా పైకి ముడిస్తే తామర పురుగు. గొడుగులా కిందికి ముడిస్తే నల్లి. ఈ తేడా తెలియక జనం దుకాణంలో ఏది ఇస్తే అది కొట్టేస్తారు. పురుగుమందు వేరు, నల్లి మందు వేరు. పైకీ కిందికీ కాకుండా ఆకులు చిన్నవై, గిడసబారి, పసుపు చారలు వస్తే తెల్లదోమ తెచ్చిన వైరస్, ఆ మొక్క పీకేయడమే.

కుండీల వాళ్లకు మందులు ఎందుకు? తామర పురుగుకు నీలం రంగు జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపువి కట్టండి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు నీళ్లు, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. పదీ పన్నెండు మొక్కలే కాబట్టి ఒక్కో ఆకు తిప్పి చూడగలరు. నాకు ఆ అదృష్టం లేదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు పువ్వు విప్పి చూస్తే లోపల నల్లని నువ్వు గింజల్లా కదిలేవి. పూత పూతే రాలిపోయింది. ఆ ఏడాది గురించి ఇంతకంటే రాయను.

బరంపురం కుర్రవాడు · డిసెంబరు 8

అక్కా, పూత వచ్చిందా? జోలోకియా పక్కన బజ్జీ మిరప ఉంటే వెంటనే తీసేయండి. పరపరాగం జరిగి జోలోకియా కారం తగ్గిపోతుందట. బజ్జీ మిరపకు కారం ఎక్కుతుందట.

పర్లాకిమిడి మాస్టారు · డిసెంబరు 8

ఇది ఊరూరా ఉన్న నమ్మకం, తప్పు. కాయ కండ తల్లి మొక్కది. పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చినా ఈ ఏడాది కాయ మారదు. మారేది లోపలి గింజ. దాన్ని వచ్చే ఏడాది విత్తితే అప్పుడు బయటపడుతుంది సంకరం.

అందుకే గింజ కట్టుకోవాలనుకుంటే మొగ్గగా ఉన్నప్పుడే కొమ్మకు పలచని జాలీ సంచి తొడగండి. పేరంటాల్లో తాంబూలం పెట్టి ఇచ్చే చిన్న జాలీ సంచులు సరిగ్గా సరిపోతాయి. మిరప పువ్వు తన పుప్పొడితో తానే పిందె కడుతుంది, రోజుకొకసారి కొమ్మను వేలితో మీటండి. పిందె పడ్డాక సంచి తీసి, ఆ తొడిమకు ఎర్రదారం కట్టండి. గింజకు ఆ కాయలే ఉంచుకోండి.

నాగావళి గట్టు (రాయగడ) · డిసెంబరు 9

మాస్టారూ, మా పెద్దమ్మాయి పెళ్లిలో మిగిలిన జాలీ సంచులు 40 దాకా ఉన్నాయి. గులాబీ రంగువి, జరీ అంచుతో. డాబా మీద ఇప్పుడు మళ్లీ పెళ్లి జరుగుతున్నట్టు ఉంది.

ఒక్కో కణుపు దగ్గర రెండు మూడు పువ్వులు కలిసి వస్తున్నాయి, ఆకుపచ్చ కలిసిన తెలుపు. గుంటూరు మొక్కకు కణుపుకు ఒక్కటే, స్వచ్ఛమైన తెలుపు. ఇవి బజ్జీ మిరపలు కావని ఈ పువ్వు చూశాకే నమ్మకం కుదిరింది. అన్నట్టు అన్ని రకాలూ కలిపి కుండీలు 36 అయ్యాయి. మా ఇంట్లో ఎవరికీ చెప్పకండి, 25 అనుకుంటున్నారు.

నాగావళి గట్టు (రాయగడ) · ఫిబ్రవరి 11

పండింది. మొదటి కాయ.

దాని గురించి వివరంగా రాయాలి, ఓపిక పట్టండి. బొటనవేలంత ఉంది, కొన సూదిగా, ఒళ్లంతా గరుకుగా ముడతలు. ఎరుపు చూస్తే మన ఎండుమిరప ఎరుపు కాదు, నారింజ పాలు కొంచెం ఉంది. కోసేటప్పుడు మండిపోతుందని భయపడ్డాను. కోయగానే వచ్చినది పండు వాసన! పనసతొన, బాగా ముగ్గిన జామ, ఏదో పువ్వు, ఇవి కలిసినట్టు. లోపల గింజలు అంటుకున్న తెల్లని కండ మీద నూనె బొట్లు మెరుస్తున్నాయి, పసుపుగా. పైకి చూస్తే అంత కారం ఉందని ఎవరూ అనుకోరు. గుండుసూది తల అంత ముక్క నాలుక కొన మీద పెట్టుకున్నాను.

ఐదు క్షణాలు ఏమీ లేదు. తియ్యగా కూడా ఉంది. 'ఇంతేనా' అనుకున్నాను. తర్వాత మంట నాలుక మీద కాదు, గొంతు వెనక మొదలైంది. చెవుల్లోకి పోయింది. ఎక్కిళ్లు వచ్చాయి. నీళ్లు తాగాను, పొరపాటు, నోరంతా పాకింది. అత్తగారు ఏమీ అనకుండా గడ్డపెరుగు గిన్నె ముందు పెట్టి వెళ్లిపోయారు. ఇరవై నిమిషాలు పట్టింది.

అక్కడితో అయిపోలేదు. చేతులు సబ్బుతో కడుక్కున్నాను కదా అనుకున్నాను. గంట తర్వాత కంటి మూల దురద పెట్టి వేలితో తుడుచుకున్నాను. ఇక చెప్పను.

పర్లాకిమిడి మాస్టారు · ఫిబ్రవరి 11

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నీళ్లు తాగితే మంట పాకుతుంది, పాలూ పెరుగూ అయితే పట్టుకుని తీసుకుపోతాయి. చేతులకు ముందు కొబ్బరినూనె పట్టించి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. అంతకంటే ముందు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. మీరు చూసిన ఆ నూనె బొట్లే అసలు సరుకు. కారం తయారయ్యేది ఆ తెల్లని కండలో. గింజలో కారం ఉంటుందని అందరూ అంటారు కానీ దానికి అంటుకున్నదే తప్ప దాని సొంతం కాదు.

బరంపురం కుర్రవాడు · ఫిబ్రవరి 12

గుండుసూది తల అంతేనా అక్కా! నాకు రెండు కాయలు పంపండి. ఒక్కసారిగా నమిలి చూపిస్తాను, మా స్నేహితులతో పందెం కూడా వేశాను.

పర్లాకిమిడి మాస్టారు · ఫిబ్రవరి 12

నాయనా, కోప్పడటం లేదు కానీ విను. అమెరికాలో ఒక పోటీలో కారొలైనా రీపర్ తిన్న 34 ఏళ్ల మనిషికి మెదడు రక్తనాళాలు తాత్కాలికంగా కుంచించుకుపోయి, పిడుగు పడ్డట్టు తలనొప్పి వచ్చింది. 2018లో వైద్య పత్రికలో వచ్చిన విషయం ఇది. కోలుకున్నాడు, అదృష్టం. ఖాళీ కడుపుతో పందెం మాత్రం వద్దు. ఉబ్బసం ఉంటే పొడి దంచే చోట కూడా నిలబడవద్దు.

సిరొంచ రైతు · ఫిబ్రవరి 12

పందెం డబ్బులు ఎంతో చెబితే నేనే పంపుతాను. కాయలు పంపవద్దమ్మా.

నాగావళి గట్టు (రాయగడ) · ఫిబ్రవరి 13

పంపడం లేదు. తమ్ముడూ, బరంపురం నుంచి మా ఇంటికి రా, పెరుగన్నంలో కలిపి పెడతాను.

ఇప్పుడు అసలు సమస్య. 12 చెట్లు, చెట్టుకు 30 తక్కువ కాకుండా కాయలు. రోజూ పండుతున్నాయి. వీటిని ఏమి చేయను? పక్కింటావిడకు ఒకటి ఇచ్చాను, మర్నాడు తిరిగి ఇచ్చేశారు. ఆవిడ తిరిగి ఇవ్వడం ఇదే మొదటిసారి.

ధర్మాబాద్ కారం మిల్లు (నాందేడ్ జిల్లా) · ఫిబ్రవరి 15

మాది మిరప వ్యాపారం చేసే ఊరు, నాన్నగారి కాలం నుంచి కారం ఆడిస్తున్నాం. దయచేసి వీటిని ఎండబెట్టి ఏ మిల్లుకూ పట్టుకువెళ్లకండి. రాళ్లకు పట్టిన పొడి తర్వాత వచ్చే వాళ్ల కారంలో కలుస్తుంది. బాలింత కోసం కారం ఆడించుకునే వాళ్లు కూడా వస్తారు మా దగ్గరకు.

ఇంకొకటి. ఇంత చర్చలో అందరూ కారం అంకెల గురించే మాట్లాడుతున్నారు. మా దగ్గరకు వచ్చే పదిమందిలో ఎనిమిదిమంది అడిగేది రంగు. కూర ఎర్రగా కనిపించాలి, పిల్లలు తినగలగాలి. అందుకే బ్యాడిగి రంగుకు, తేజ కారానికి, పాళ్లు కలిపి ఆడతాం. వరంగల్ చపాటా చూడండి, టమాటాలా లావుగా ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కారానికి కాదు, రంగుకూ రుచికీ. తేజను ఎక్కువగా కొనేది కూడా వంటకు కాదు, సారం తీసే కర్మాగారాల వాళ్లు. విపరీతమైన కారం అమ్ముడయ్యేది అక్కడే.

తాలు కాయ ఏరేసి, తొడిమ తీసి, గలగల చప్పుడు వచ్చేదాకా ఎండబెట్టి, గాలి చొరని సీసాలో పెట్టుకోండి. ఏళ్ల తరబడి వాడుకోవచ్చు మీరు.

కొండగాలి (కొరాపుట్) · ఫిబ్రవరి 15

ఏనుగులకు వాడతారు కదా! అస్సాంలో జోలోకియా పూసిన తాళ్లు పొలం చుట్టూ కడతారని చదివాను. మాస్టారి గజపతి జిల్లాలో గుంపులు తిరుగుతూనే ఉంటాయి.

పర్లాకిమిడి మాస్టారు · ఫిబ్రవరి 15

తిరుగుతాయి. కానీ నా పెరట్లో అరటి చెట్లు రెండే. వాటికోసం ఏనుగు వస్తే నేను పక్కకు తప్పుకుంటాను.

నాగావళి గట్టు (రాయగడ) · మార్చి 9

సమస్య తీరింది. నేను తీర్చలేదు.

మా ఇంట్లో ఏటా మార్చిలో అత్తగారు కొరివికారం పెడతారు. సంతలో పండుమిరపకాయలు ఏరి తెచ్చి, తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, నీడలో ఆరబెట్టి, తొడిమలు తీసి, రోట్లో చింతపండు, ఉప్పు, పసుపుతో కచ్చాపచ్చాగా దంచుతారు. మిక్సీలో వేస్తే ఆవిడ ముట్టరు. రెండేళ్లుగా ఆవిడకు ఒకటే బాధ, "ఈ హైబ్రిడ్ కాయల్లో ఎరుపే తప్ప పస లేదు. దంచుతుంటే ఒక్క తుమ్ము కూడా రావడం లేదు."

నిన్న నాలుగు కిలోల కాయలు రోట్లో సగం దంచి ఆగారు. నా వైపు చూడకుండా, "ఆ దిక్కుమాలినవి రెండు పట్రా" అన్నారు. తెచ్చాను. తొడుగులు వేసుకోమంటే ఒప్పుకోలేదు, చేతులకు నువ్వులనూనె రాసుకున్నారు. ఎన్ని వేయాలని నన్ను అడిగారు. నలభై ఏళ్లుగా ఆ రోటి దగ్గర నన్నే కాదు, ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. మాస్టారి లెక్క గుర్తు చేసుకుని, నాలుగు కిలోలకు మూడు చాలన్నాను. తెల్లని కండ తీసేసి, పైతోలు మాత్రం వేయమన్నాను. ఆవిడ రెండిటికి తీసేశారు, మూడోది అలాగే వేశారు.

రోకలి నాలుగు పోట్లు పడగానే వీధి గదిలో మామగారు తుమ్మారు. అత్తగారి ముఖం చూడాలి.

ఈ రోజు మూడో రోజు కాలేదు కాబట్టి తిరగమోత వేయలేదు, కానీ వేలికొన అద్ది చూశాను. ముందు చింతపండు పులుపు, తర్వాత ఆ పండు వాసన, చాలా వెనక నుంచి నెమ్మదిగా కారం. పక్కింటావిడ గిన్నెడు పట్టుకెళ్లారు, తిరిగి ఇవ్వలేదు.

ధర్మాబాద్ కారం మిల్లు (నాందేడ్ జిల్లా) · మార్చి 9

నాలుగు కిలోలకు మూడు. ఈ పాళ్లు నా పుస్తకంలో రాసుకున్నాను.

కొండగాలి (కొరాపుట్) · మార్చి 10

వదిన గారూ, ఎర్రదారం కట్టిన కాయల గింజలు ఉన్నాయా? నా రొకోటో నల్ల గింజలు పంపుతాను, మార్పిడి చేసుకుందాం. మీ రాయగడలో బతకదని తెలుసు, అయినా ఒక కుండీ వేస్తారని కూడా తెలుసు.

నిర్వాహకుడు · మార్చి 10

గింజల మార్పిడికి అభ్యంతరం లేదు. చిరునామాలు, ఫోను నంబర్లు మాత్రం ఇక్కడ రాయకండి, వ్యక్తిగత సందేశంలో పంపుకోండి.

నాగావళి గట్టు (రాయగడ) · మార్చి 12

ఎర్రదారం కాయలు తొమ్మిది. గింజలు నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లాలు కట్టాను. పొట్లానికి డజను. కొండగాలి గారికి ఒకటి, మాస్టారికి ఒకటి, బరంపురం తమ్ముడికి ఒకటి (గింజలే, కాయలు కాదు). ఇంకా ఎవరికైనా కావాలా? ఏప్రిల్ ఎండలకు పూత రాలిపోతుంది, అప్పుడు కొమ్మలు కత్తిరించి చెట్లను నీడలో పెడతాను, మళ్లీ వానలకు చిగురిస్తాయి. కాబట్టి నాకు గింజలు అక్కర్లేదు.

సిరొంచ రైతు · మార్చి 14

నాకొకటి పంపండి. పొలంలో వేయను. ఇంటి దగ్గర బావి పక్కన ఖాళీ ఉంది.

నాగావళి గట్టు (రాయగడ) · మార్చి 14

పంపుతున్నాను. పొట్లం విప్పేముందు చేతులకు నూనె రాసుకోండి.

సిరొంచ రైతు · మార్చి 23

అందింది. రాసుకోకుండా విప్పాను. పన్నెండు అన్నారు, పదమూడు ఉన్నాయి.